అద్దె కట్టలేనివాళ్లకి ప్రేమ దొరుకుతుందా? (కొరియా సినిమాల రాత్రుళ్ల మీద)

సాయంత్రం_షో | శనివారం, రాత్రి 11:40

నెల రోజులుగా భోజనాలయ్యాక కొరియా సినిమాలే చూస్తున్నా. సీరియళ్లు కాదు, సినిమాలు. సీరియల్లో హీరో ఏదో కంపెనీ వారసుడై ఉంటాడు, వానొస్తే గొడుగు పట్టుకొస్తాడు. సినిమాల్లో కుర్రాళ్లు అర్ధరాత్రి ఏ సందు చివరో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని సోజు (అక్కడి మందు) తాగుతుంటారు. ఎవరి జేబులోనూ డబ్బుండదు.

కథలు చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

లీ చాంగ్-డాంగ్ 'బర్నింగ్' (2018) తీసుకోండి. జోంగ్‌సు చిల్లర డెలివరీ పనులు చేసుకుంటూ రచయిత కావాలనుకునేవాడు. హేమి షాపుల ముందు డాన్స్ చేస్తూ గిరాకీని పిలిచే అమ్మాయి. ఆమె గదిలోకి ఎండ రోజుకి ఒక్కసారే వస్తుంది. అది కూడా సియోల్‌లోని నమ్సాన్ టవర్ అద్దాల మీద పడి తిరిగొచ్చే ఎండ. వీళ్లిద్దరి మధ్యకి బెన్ వస్తాడు. పోర్షే కారు, శుభ్రమైన వంటిల్లు. ఏం పని చేస్తావని అడిగితే 'ఆడుకుంటాను' అంటాడు. హేమి అతని స్నేహితుల ముందు ఆఫ్రికాలో చూసొచ్చిన డాన్స్ చేసి చూపిస్తుంటే వాడు ఆవలిస్తాడు.

రెండోది 'మైక్రోహ్యాబిటాట్', జోన్ గో-ఉన్ అనే డైరెక్టర్ మొదటి సినిమా. మిసో ఇళ్లు శుభ్రం చేస్తుంది, రోజుకి 45 వేల వోన్లు (అక్కడి డబ్బు). 2015 జనవరిలో సిగరెట్ పెట్టె మీద ప్రభుత్వం ఒకేసారి 2,000 వోన్లు పెంచింది, 2,500 ఉన్నది 4,500 అయింది. అద్దె కూడా పెరిగింది. మిసోకి మిగిలిన సుఖాలు మూడే: గ్లాసు విస్కీ, సిగరెట్, బాయ్‌ఫ్రెండ్. వాటిని వదల్లేక గదిని వదిలేస్తుంది.

నేననేది ఒకటే. ఈ సినిమాల్లో ప్రేమ ఓడిపోవడం లేదు, ప్రేమకి చోటు లేదు. వాళ్లకి 'సాంపో తరం' అని ఒక మాటే ఉంది. ప్రేమ, పెళ్లి, పిల్లలు, ఈ మూడూ వదులుకున్న తరం అని. గది ఉంటేనే కదా తలుపు వేసుకుని ప్రేమించుకునేది. లేనివాళ్లు రాత్రి రోడ్డు మీద తిరుగుతారు, బార్లో కూర్చుంటారు. మీరేమంటారు?

---

కాకినాడ_కాజా | 11:52

గది ఉన్నా నాకు దొరకలేదు అన్నా. నా కేసు ఏ సినిమా కిందకొస్తుంది?

---

లక్ష్మణరావు_రిటైర్డ్ | ఆదివారం, ఉదయం 6:15

బాబూ, మీరు చెప్పిన రెండో సినిమా మా అమ్మాయి పెడితే చూశాను. ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, లెక్క చూడకుండా ఉండలేను.

రోజుకి 45,000. నెలకి పాతిక రోజులు పని దొరికిందనుకుందాం, 11 లక్షల 25 వేలు. సిగరెట్ పెట్టె 4,500, అంటే రోజు కూలిలో సరిగ్గా పదో వంతు. రోజుకో పెట్టె అయితే నెలకి 1,35,000. ఆ పైన విస్కీ. ఈ రెండూ మానేస్తే ఆ అమ్మాయి గది వదలాల్సిన పనే లేదు. ఇందులో ప్రేమ సంగతి, సమాజం సంగతి ఎక్కడున్నాయి? దుబారా. అంతే.

---

సువాన్_శీను | 7:30

అందరికీ నమస్తే. నేను ఐదేళ్ల నుంచి ఇక్కడ, సియోల్‌కి దిగువన సువాన్‌లో ఉంటున్నా. రాత్రి గురించి ఒక మాట చెప్పాలి, ఇండియా నుంచి చూసేవాళ్లకి తెలియనిది.

ఇక్కడ అసలు విలన్ ఆఖరి ట్రైన్. మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది, మళ్లీ తెల్లవారుజామున ఐదు, ఐదున్నర ప్రాంతంలో మొదలు. ట్యాక్సీ ఖర్చు భరించలేనివాళ్లు ఆ ఐదు గంటలూ ఎక్కడో గడపాలి. సినిమాల్లో 'ఆఖరి ట్రైన్ వెళ్లిపోయింది' అని అబ్బాయో అమ్మాయో అన్నారంటే అది టైమ్ చెప్పడం కాదు, ఈ రాత్రి కలిసి ఉందామా అని అడగడం. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది.

ఇంకోటి. మీకు బార్లో కూర్చున్నవాళ్లంతా సరదాకి వచ్చినట్టు కనిపిస్తారు. నేను మొదట పనిచేసిన చోట (పేరు అనవసరం) ఆఫీసు విందులుండేవి. ఇల్‌చా అంటే మొదటి రౌండు, ఈచా రెండోది, సామ్‌చా మూడోది. నేను మందు ముట్టను. కోలా గ్లాసు రెండు చేతులా పట్టుకుని మూడో రౌండు దాకా కూర్చున్న రాత్రులు ఎన్నో. పెద్దాయన లేవందే మనం లేవకూడదు. ఆఖరి ట్రైన్ పోయేది, నేను జింజిల్‌బాంగ్‌లో (ఆవిరి స్నానాల చోటు, రాత్రి నేల మీద పడుకోనిస్తారు) పడుకుని అట్నుంచటే ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. నాకు ఇక్కడి రాత్రి అంటే రెండో షిఫ్టు.

---

కాకినాడ_కాజా | 7:41

శీనన్నా, ఆ నేల మీద పడుకునే చోట ప్రేమ దొరుకుతుందా?

---

సువాన్_శీను | 7:50

గుడ్లు దొరుకుతాయి తమ్ముడూ. ఆవిరికి కాల్చిన గుడ్లు.

---

పాత_రీలు | 9:05

ఇదంతా ఇప్పుడు పుట్టినట్టు మాట్లాడుతున్నారు.

1975లో హా గిల్-జోంగ్ అనే ఆయన, అమెరికాలో సినిమా చదువుకొచ్చినవాడు, 'మూర్ఖుల ఊరేగింపు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సినిమా తీశాడు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. బీరు తాగడం, అమ్మాయిల్ని కలవడానికి గ్రూపుగా వెళ్లడం, క్లాసులు ఎగ్గొట్టడం. పైకి కామెడీ. ఆ రోజుల్లో అక్కడ పార్క్ చుంగ్-హీ నియంతృత్వం. జుట్టు పొడుగ్గా ఉంటే పోలీసులు పట్టుకుని కత్తిరించేవాళ్లు. సినిమాలో ఆ తరుముడు కూడా ఉంది, వెనకాల 'ఎందుకు పిలుస్తావ్' అని పాట. సెన్సార్ వాళ్లు దాదాపు అరగంట కోసేశారు. చివర్లో ఒకడు సైకిలేసుకుని కొండ అంచు నుంచి సముద్రంలోకి వెళ్లిపోతాడు. రెండోవాడు సైన్యంలోకి పోతుంటే అమ్మాయి రైలు కిటికీ దగ్గరికి ఎగిరి ముద్దు పెడుతుంది. ఆ డైరెక్టర్ 1979లో పోయాడు, నలభై నిండలేదు.

ఇక రాత్రి గురించి శీను గారు ఆఖరి ట్రైన్ అంటున్నారు. అంతకు ముందు ట్రైన్ కాదు, కర్ఫ్యూ. 1945లో మొదలై 1982 జనవరి దాకా ఉంది. చివరి రోజుల్లో అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు దాదాపు దేశమంతా ఇంట్లో ఉండాల్సిందే. ఎత్తేసిన నెల రోజులకే సియోల్‌లో అర్ధరాత్రి ఆట వేశారు, అదీ పెద్దలకి మాత్రమే సినిమా. థియేటర్ ముందు జనం తోపులాట. అంటే వాళ్లకి రాత్రి మొత్తం సొంతమై నలభై చిల్లర ఏళ్లే. ఇది తెలియకుండా 'నైట్ లైఫ్' అంటే ఎలా?

---

సాయంత్రం_షో | 9:40

పాత_రీలు గారూ, భలే చెప్పారు. కానీ 1975 వాళ్లకి అడ్డం ప్రభుత్వం. ఇప్పుడు అడ్డం డబ్బు. నా పాయింటు అదే.

---

నిద్రరాని_నాని | 10:10

డబ్బు ఒక్కటే కాదేమో. 'లవ్ ఇన్ ది బిగ్ సిటీ' (2024) చూశారా? కిమ్ గో-ఉన్ ఉంది. సియోల్‌లోని ఇటేవాన్ క్లబ్బుల్లో తిరిగే అమ్మాయి, ఆమెతో ఒకే ఇంట్లో ఉండే స్నేహితుడు. అతను అబ్బాయిల్ని ఇష్టపడేవాడు, పగలంతా అది దాచుకుని బతుకుతాడు. రాత్రి క్లబ్బులోకి వెళ్తేనే తనలా ఉండగలడు. అతనికి అద్దె ఇబ్బంది లేదు, అయినా ప్రేమకి చోటు లేదు కదా.

---

లక్ష్మణరావు_రిటైర్డ్ | 10:25

నా లెక్కకి ఎవరూ జవాబు చెప్పలేదు.

---

మాధవి_గుంటూరు | 11:30

లక్ష్మణరావు గారూ, నేను చెప్తాను.

మిసో మీకంటే బాగా లెక్క రాసింది. సినిమా మొదట్లోనే ఉంది. నోట్‌బుక్ తీసి ఖర్చులు వరుసగా రాసుకుంటుంది. అద్దె, సిగరెట్, విస్కీ, జుట్టు తెల్లబడకుండా వాడే మందులు. అన్నీ చూసుకుని అద్దె మీద గీత పెట్టింది. తెలియక చేసింది కాదు. విస్కీ మానేసి, సిగరెట్ మానేసి, ఎలుక కన్నంలాంటి ఆ గదిలో చలికి వణుకుతూ బతకొచ్చు. దాన్ని మీరు పొదుపు అంటారు, ఆమె బతుకు కాదంటుంది.

తర్వాత ఏం చేసింది? గుడ్ల అట్ట ఒకటి పట్టుకుని పాత బ్యాండ్ స్నేహితుల ఇళ్లకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది. వాళ్లందరికీ ఇళ్లున్నాయి. ఒకామె ఆఫీసులోనే సెలైన్ ఎక్కించుకుంటూ పనిచేస్తోంది. ఇంకొకామె అత్తింట్లో వంట రాక మాటలు పడుతోంది. ఒకడు ఇరవై ఏళ్ల లోన్ మీద ఫ్లాట్ కొన్నాడు, పెళ్లాం వెళ్లిపోయింది, ఆ ఫ్లాట్‌లో కూర్చుని ఏడుస్తున్నాడు. కాబట్టి సాయంత్రం_షో గారి సిద్ధాంతం కూడా నిలబడదు. గది ఉన్నవాళ్లకి ప్రేమ ఎక్కడుంది అందులో?

---

లక్ష్మణరావు_రిటైర్డ్ | 11:48

అమ్మా, లోన్ మీద ఫ్లాట్ కొన్నవాడికి చివరికి ఆస్తి మిగులుతుంది. విస్కీ తాగిన అమ్మాయికి ఏం మిగులుతుంది? అయినా ఆడపిల్లకి రాత్రిపూట ఒంటరిగా బార్లో కూర్చుని తాగాల్సిన అవసరం ఏమిటి? మా ఇంట్లో ఇలా అయితే ఊరుకుంటామా?

---

కాకినాడ_కాజా | 11:50

అందరూ పాప్‌కార్న్ తెచ్చుకోండి.

---

మాధవి_గుంటూరు | 11:58

అనుకున్నా. పాతిక రోజుల లెక్క, పదో వంతు లెక్క, అన్నీ చుట్టూ తిరిగి 'ఆడపిల్లకి ఎందుకు' దగ్గరికే వస్తాయని. ఇదే మొదట్లో చెప్పేసి ఉంటే లెక్కలు మిగిలేవి కదండీ.

అదే సినిమాలో మగవాడు తాగుతూ ఉంటే మీరు పెట్టెల లెక్క కట్టేవారా? 'బర్నింగ్'లో జోంగ్‌సు, బెన్ ఇద్దరూ వాకిట్లో కూర్చుని గంజాయి పీలుస్తారు. దాని ఖరీదు ఎవరైనా అడిగారా?

---

లక్ష్మణరావు_రిటైర్డ్ | మధ్యాహ్నం 12:20

నేను ఎవర్నీ అవమానించలేదు. పెద్దవాణ్ణి, నాకు తోచింది చెప్పాను. ఈ కాలంలో మంచి చెబితే ఇదే.

---

నిర్వాహకుడు | 12:31

వ్యక్తిగతంగా వద్దు. సినిమాల గురించే మాట్లాడండి. లక్ష్మణరావు గారూ, ఇళ్ల ఆడపిల్లల ప్రస్తావన వద్దు దయచేసి.

---

పాత_రీలు | 12:45

మాధవి గారు అన్నదానికి చిన్న చేర్పు. అక్కడ 1970లలో బార్లో పనిచేసే అమ్మాయిల కథలే హిట్టు. 1974లో లీ జాంగ్-హో తీసిన ఒక సినిమాకి ఒక్క సియోల్‌లోనే 4 లక్షల 60 వేల టిక్కెట్లు తెగాయి, ఆ రోజుల్లో రికార్డు. ఆ అమ్మాయిని వరసగా నలుగురు మగవాళ్లు ప్రేమించినట్టే ప్రేమించి వదిలేస్తారు, చివరికి మంచులో చచ్చిపోతుంది, జనం ఏడ్చుకుంటూ బయటికొస్తారు. రాత్రిలోకి వెళ్లిన అమ్మాయి చచ్చిపోతేనే సానుభూతి. మిసో చావదు. అందుకే కొందరికి కోపం.

---

సువాన్_శీను | మధ్యాహ్నం 1:10

ఇటేవాన్ సీన్లు నేనిప్పుడు మామూలుగా చూడలేను. 2022 అక్టోబరు 29 రాత్రి అక్కడి ఒక సన్నటి సందులో తొక్కిసలాటలో 159 మంది పోయారు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. మరుసటి రోజు ఇక్కడ కూడా చాలామంది అన్న మాట 'ఆ టైమ్‌లో అక్కడికి ఎందుకు వెళ్లారు' అనే. లక్ష్మణరావు గారి మాట చదివితే అది గుర్తొచ్చింది. తప్పుగా అనుకోవద్దండీ.

---

సాయంత్రం_షో | 2:05

చర్చ ఎటో పోయింది. నేను మొదలుపెట్టింది ఆడవాళ్లు తాగడం మీద కాదు.

జోంగ్‌సు సంగతి చూద్దాం. వాడి తప్పేముంది? తండ్రి కోర్టు కేసులో ఉన్నాడు. పాజులో, ఉత్తర కొరియా మైకుల అరుపులు వినపడే ఊళ్లో, ఒక్క దూడని చూసుకుంటూ బతుకుతున్నాడు. ప్రేమించిన అమ్మాయిని పోర్షేవాడు ఎక్కించుకుపోతుంటే పాత ట్రక్కు పక్కన నిలబడి చూస్తాడు. డబ్బులేనోడు ఏమని అడగగలడు? నాతో ఉండు అని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

నా సంగతే చెప్తా. హైదరాబాద్‌లో బ్యాచిలర్‌కి గది ఇవ్వరు. ఇచ్చినవాడు పది గంటలకి గేటు వేసేస్తాడు. మేమిద్దరం నాలుగేళ్లు ట్యాంక్‌బండ్ మీదే మాట్లాడుకున్నాం, నిలబడి. వాళ్ల నాన్న అడిగింది ఒకటే ప్రశ్న, 'సొంతిల్లుందా బాబూ?' నేను లేదన్నా. అయిపోయింది. కాబట్టి జోంగ్‌సుని చూస్తే నాకు కోపం రాదు.

---

మాధవి_గుంటూరు | 2:50

ఇదీ అసలు సంగతి. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒకటి అడుగుతా. వాళ్ల నాన్న అడిగాడు, మీరు లేదన్నారు, అయిపోయింది. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

జోంగ్‌సు కూడా అంతే. సినిమా మొత్తంలో హేమికి ఏం కావాలని ఒక్కసారి అడగడు. ఆమె గదిలో పిల్లికి మేత వేస్తాడు, ఆమె లేనప్పుడు ఆమె మంచం మీద కూర్చుని ఆమెని ఊహించుకుంటాడు. ప్రేమిస్తున్నానన్న మాట ఎవరితో చెప్పాడో గుర్తుందా? బెన్‌తో! ఆమె నిద్రపోతుండగా, తన పోటీదారుడితో. ఆమె ముఖం చూసి అన్న ఆఖరి మాట, మగాళ్ల ముందు అలా బట్టలు విప్పేది వేశ్యలే అని. సాయంత్రం వెలుతురులో, ఇంటి ముందు, జీవితంలో ఒక్కసారి తన కోసం డాన్స్ చేసుకుంది ఆ పిల్ల. అందుకు ఆ మాట. ఆ తర్వాత ఆమె కనపడదు. ఇందులో డబ్బు ఎక్కడ అడ్డమొచ్చిందో చూపించండి. నోరు తెరవడానికి వోన్లు అక్కర్లేదు.

నేను కూడా చెప్పేస్తా, అందరూ చెప్పుకుంటున్నారు కదా. 'సెటిల్ అయ్యాక చూద్దాం' అని నాలుగేళ్లు విన్నాను. మొదట ఉద్యోగం, తర్వాత చెల్లి పెళ్లి, తర్వాత లోన్. నేనెప్పుడూ ఇల్లు అడగలేదు. అద్దెకుందాం, నాకూ జీతముంది, సగం సగం కడదాం అన్నాను. 'నిన్ను కష్టపెట్టలేను' అన్నాడు. చాలా గొప్పగా ఉంటుంది వినడానికి. ఇప్పుడతనికి ఫ్లాటుంది, భార్య ఉంది. నన్ను కష్టపెట్టలేదు.

---

కాకినాడ_కాజా | 2:58

(పాప్‌కార్న్ పక్కన పెట్టేశాను అక్కా.)

---

సాయంత్రం_షో | 3:20

మీకు జరిగింది వేరు, నాకు జరిగింది వేరు. ఎవడో చేసిన తప్పుకి నన్ను నిలబెడుతున్నారు.

కనీసం హాన్సోల్‌ని చూడండి. మిసో బాయ్‌ఫ్రెండ్. వెబ్‌టూన్ (ఫోన్లో చదివే బొమ్మల కథలు) ఆర్టిస్ట్ కావాలనుకున్నవాడు. ఆమెకి గది లేదని, తను కంపెనీ హాస్టల్లో ఉంటున్నానని సిగ్గుపడి, బొమ్మలు వదిలేసి సౌదీలో పనికి ఒప్పుకున్నాడు. ఆమె కోసమే కదా? మన జిల్లాల నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్లు ఎవరికోసం పోతున్నారు? ఇంటి కోసం, పెళ్లాం కోసం. దాన్ని కూడా పిరికితనం అంటారా?

---

మాధవి_గుంటూరు | 3:45

గల్ఫ్ వెళ్లేవాళ్లని నేనేమీ అనలేదు, నా నోట పెట్టకండి. మా మేనమామ పదకొండేళ్లు ఉన్నాడు అక్కడ.

హాన్సోల్ మంచివాడు, ఒప్పుకుంటాను. రక్తం ఇచ్చి ఇద్దరూ సినిమా టిక్కెట్లు తెచ్చుకుంటారు, అంత దగ్గరితనం వాళ్లది. కానీ వెళ్లాలని అతను ఒక్కడే నిర్ణయించుకున్నాడు. అప్లికేషన్ పెట్టి, ఖాయమయ్యాక చెప్పాడు. ఆమె వద్దని ఏడిస్తే, నీకోసమే అన్నాడు. ఆమె అడిగిన మూడు సుఖాల్లో ఒకటి తనే అని అతనికి తట్టలేదు. విస్కీ, సిగరెట్, నువ్వు. ఆమె లెక్కలో అతను ఖర్చు కాదు. అతనేమో తనని తాను బాకీ అనుకున్నాడు.

---

పాత_రీలు | 4:00

'తనని తాను బాకీ అనుకున్నాడు.' మాధవి గారూ, ఈ ఒక్క ముక్క కోసం ఈ ఎండలో కూర్చుని ఇంత చదివాను.

---

లక్ష్మణరావు_రిటైర్డ్ | 4:15

బాకీ ఉంటే తీర్చాలి కదా మరి. వెళ్లడం సబబే.

---

నిద్రరాని_నాని | 4:20

నా పోస్టు ఒక్కరూ చదవలేదని గమనించాను. పర్లేదు. హేమిగా చేసిన జోన్ జోంగ్‌సో 2021లో 'నథింగ్ సీరియస్' అని ఇంకో సినిమా చేసింది. అందులో డేటింగ్ యాప్‌లో తనే వెతుక్కుంటుంది, తనే ముందు అడుగుతుంది, గ్లాసు మీద గ్లాసు తాగుతుంది, ఎవరూ ఆమెని మాయం చేయరు. డైరెక్టర్ అమ్మాయి. ఊరికే చెప్తున్నా.

---

మాధవి_గుంటూరు | 4:32

నాని గారూ, నేను చదివాను. మీరు చెప్పిందే నిజం, ఆ కుర్రాడికి అద్దె అడ్డం కాదు. అందుకే వీళ్లెవరూ ముట్టుకోలేదు.

---

సాయంత్రం_షో | రాత్రి 9:15

పొద్దున్నుంచి ఆలోచిస్తున్నా. మాధవి గారూ, ఒకటి ఒప్పుకోవాలి. హాన్సోల్ వెళ్లిపోయే సీన్ దగ్గర నేను సినిమా ఆపేశాను. ఆ తర్వాత చూడలేదు. చూడాలనిపించలేదు.

---

మాధవి_గుంటూరు | 9:22

అంటే నిన్న రాత్రి నుంచి ముగింపు చూడకుండానే ఇంత వాదించారా?

---

సాయంత్రం_షో | 9:24

అవును.

---

మాధవి_గుంటూరు | 9:31

ఎంతో లేదు, కాసేపే. జుట్టంతా తెల్లబడిపోయి ఉంటుంది, మందులు కొనడం మానేసింది కాబట్టి. బార్లో ఎప్పటి గ్లాసే. తర్వాత హాన్ నది ఒడ్డు. మిగతాది చెప్పను, చూసి రండి.

---

లక్ష్మణరావు_రిటైర్డ్ | 9:40

నది ఒడ్డున గుడారం. చూశాను. అద్దె లేదు కాబట్టి ఇప్పుడు లెక్క సరిపోయింది. కానీ చలికాలం ఎలా?